వెన్ను పగిలిన 300 జాకెట్లు: మీ ఆర్డర్లు ఎందుకు ఆలస్యమవుతున్నాయంటే

ఎల్పీ జాకెట్లకు, అంటే వినైల్ రికార్డుల అట్ట కవర్లకు, ఆర్డరిచ్చి ఎదురుచూస్తున్న వాళ్లకు ముందు అసలు సంగతి: మీ సరుకు చెప్పిన తేదీకి రాదు. పది పనిదినాలు ఆలస్యమవుతుంది. రేటు పెరగదు. అంతవరకు ఆగలేమనుకుంటే ఒక్క మాట చెప్పండి, అడ్వాన్సు మొత్తం వెనక్కి ఇచ్చేస్తాం. డిజైన్ ఫైళ్లు, డై కొలతలు కూడా మీ చేతిలో పెడతాం, ఇంకెక్కడైనా చేయించుకోవచ్చు. సీడీ వాలెట్లు, క్యాసెట్ కార్డులు మాత్రం అనుకున్న రోజుకే వస్తాయి.

ఫోన్ చేసిన వాళ్లలో కొందరికి "ప్రెస్సులో చిన్న ఇబ్బంది" అని చెప్పాం. అది చిన్నదీ కాదు, ప్రెస్సుదీ కాదు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాం.

ఒక స్వతంత్ర సంగీత కళాకారుడి తొలి ఎల్పీకి 300 జాకెట్లు వేశాం. ముందూ వెనకా నిండు నలుపు, మీద తెల్లటి సన్న గీతల బొమ్మ, దాని పైన మ్యాట్ లామినేషన్, అంటే మెరుపు లేని పలుచటి ప్లాస్టిక్ ఫిల్మ్. పేస్టింగ్ టేబుల్ దగ్గర మొదటి 40 మడవగానే 34 జాకెట్లకు వెన్ను (ముందు, వెనక భాగాలను కలిపే సన్న అంచు) పొడవునా తెల్లటి సన్న గీత తేలింది. నలుపు మీద ఆ గీత సుద్దముక్కతో గీసినట్టు కనబడుతుంది. "ఇది గోరుతో తుడిస్తే పోయేది కాదండీ" అని టేబుల్ దగ్గరి అక్క పని ఆపేసింది. ఆమె ఆపింది కాబట్టి మిగతావి మడవకుండా మిగిలాయి. మడవకపోయినా వాటి వల్ల ఉపయోగం లేదు, అది వేరే విషయం.

కారణం గ్రెయిన్, అంటే బోర్డులో పీచు పరుచుకున్న దిక్కు. బోర్డు తయారయ్యేటప్పుడు పీచు మెషిన్ నడిచే దిక్కులోనే ఎక్కువగా సర్దుకుంటుంది. ఆ దిక్కుకు సమాంతరంగా మడిస్తే బోర్డు మాట వింటుంది. అడ్డంగా మడిస్తే పీచు విరుగుతుంది, పైనున్న పూత, దాని మీది ఇంకు కలిసి చిట్లుతాయి, లోపలి తెలుపు బయటపడుతుంది. లేత రంగుల్లో ఇది ఎవరి కంటా పడదు. నలుపులో దాచే దారే లేదు.

ఎల్పీ జాకెట్‌ను విప్పి పరిస్తే 315 మి.మీ. ముందు భాగం, 3 మి.మీ. వెన్ను, 315 మి.మీ. వెనక భాగం, మొత్తం వెడల్పు 633. ఎత్తు 315, పైనా కిందా అతికించే రెక్కలు 18 చొప్పున కలిపి 351. చుట్టూ 3 మి.మీ. బ్లీడ్ (కోతలో పోయే అదనపు అచ్చు) వేస్తే 639×357. ఇది 20×30 అంగుళాల షీటు మీద, అంటే 508×762 మి.మీ. మీద, ఒకే ఒక్క రకంగా పడుతుంది. అలా పడ్డప్పుడు వెన్ను మడత 20 అంగుళాల వైపుకు సమాంతరంగా వస్తుంది. కాబట్టి గ్రెయిన్ కూడా ఆ 20 వైపే ఉండాలి. రెక్కల మడతలు అప్పుడు గ్రెయిన్‌కు అడ్డం పడతాయి, తప్పదు. రెండు దిక్కులూ ఒకే బోర్డులో దొరకవు. రెక్కల మడత ఒక్కటే, క్రీజింగ్ (మడవడానికి ముందు నొక్కే గాడి) బాగా పడితే తట్టుకుంటుంది. వెన్నులో 3 మి.మీ. దూరంలో రెండు మడతలు పక్కపక్కనే పడతాయి, పైగా అరలో పెట్టినప్పుడు కనబడేది అదే. కాబట్టి వెన్నుదే పైచేయి.

20×30 షీట్లను మేము 30×40 పెద్ద షీటును సగానికి కోసి తీసుకుంటాం. 40 వైపు గ్రెయిన్ ఉన్న షీటును కోస్తే మాకు కావలసింది వస్తుంది. 30 వైపు గ్రెయిన్ ఉన్నదాన్ని కోస్తే సరిగ్గా తలకిందులు. ఆర్డరులో రాసింది: 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాములు), 30×40, గ్రెయిన్ 40 వైపు, 200 షీట్లు. వచ్చింది: 300 జీఎస్ఎం, 30×40, 200 షీట్లు, గ్రెయిన్ 30 వైపు. మిల్లు ప్యాకింగ్ కాదు, డీలరు తన గోదాములో మళ్లీ కట్టిన ప్యాకెట్లు. లేబుల్ మీద కొలత ఉంది, గ్రెయిన్ గుర్తు లేదు.

ఫోన్ చేస్తే డీలరు గారు అన్న మాట: "బోర్డు బోర్డే కదండీ, తిప్పి వాడుకోవచ్చుగా." తిప్పితే 639 మి.మీ. జాకెట్ 508 మి.మీ. వైపు ఎక్కాలి. ఎలా ఎక్కిస్తారో ఆయనే వచ్చి చూపిస్తే మేమూ నేర్చుకుంటాం. తర్వాత మరో 200 షీట్లు ఊరికే పంపిస్తానన్నారు. 46 కిలోల బోర్డు. మాకు పోయింది బోర్డు ఒక్కటే కాదు. ప్రింటింగ్, లామినేషన్, పంచింగ్, కూలీ కలిపి దానికి అయిదు రెట్లు. ఆ షీట్లు వద్దన్నాం. పంతమే అనుకోండి. తప్పు ఒప్పుకుని పంపి ఉంటే తీసుకునేవాళ్లం, దయ తలిచినట్టు పంపితే తీసుకోం. ఏళ్ల తరబడి ఆయన దగ్గరే కొన్నాం, ప్రతి ఆర్డరులోనూ గ్రెయిన్ రాసే పంపాం. ఆ మాటను ఎవరూ చదవడం లేదని ఇప్పుడు తెలిసింది.

మా తప్పు లేదా అంటే ఉంది, అదీ పెద్దదే. ప్యాకెట్ విప్పగానే గ్రెయిన్ చూసుకోవడం అర నిమిషం పని. షీటు మూల నుంచి పది సెంటీమీటర్ల చదరం ముక్క కోసి, అటు ఒకసారి ఇటు ఒకసారి వంచితే చాలు. సులువుగా వంగిన వైపు మడత గీత ఎటుందో గ్రెయిన్ అటే. అనుమానం తీరకపోతే ఒక వైపు తడి చెయ్యి రాస్తే ముక్క గొట్టంలా చుట్టుకుంటుంది, గొట్టం పొడవు గ్రెయిన్ దిక్కు. ఈ పని చేయకుండానే బోర్డును కటింగ్‌కు పంపాం. కత్తి పడకముందు తెలిసి ఉంటే అదే బోర్డును కోయకుండా 30×40 మెషిన్ మీద రెండు జాకెట్లు పక్కపక్కన వేయించవచ్చు, గ్రెయిన్ సరిగ్గా కుదిరేది. రెండు 357లు కలిపితే 714, షీటు 762, మెషిన్ షీటును పట్టుకునే గ్రిప్పరుకు చోటు మిగిలేది. ఇదే ఎక్కువ మంట.

ఇంకొకటి. ప్రింటింగ్ రోజు మెషిన్ మీద పని వెన్నలా నడిచింది. అప్పుడే అనుమానం రావాల్సింది. 20×30 షీటులో గ్రెయిన్ పొడవు వైపు ఉంటే ప్రెస్సు వాళ్లకు పండగ. షీటు సాగినా సిలిండర్ తిరిగే దిక్కులోనే సాగుతుంది, దాన్ని సర్దుకోవచ్చు. మేము అడిగే పొట్టి గ్రెయిన్ (20 వైపు గ్రెయిన్ ఉన్న) షీట్లు పక్కకు సాగుతాయి, రిజిస్టర్ (రంగు మీద రంగు సరిగ్గా కూర్చోవడం) తప్పుతుంది, మెషిన్ అబ్బాయి ప్రతిసారీ సణుగుతాడు. ఈసారి సణగలేదు. ఎందుకు సణగలేదని ఎవరూ అడగలేదు.

పగులు కనబడ్డాక క్రీజింగ్ మార్చి చూశాం. 0.4 మి.మీ. మందం బోర్డుకు, 0.7 మి.మీ. రూలుకు (గాడి నొక్కే ఉక్కు పట్టీకి) గాడి వెడల్పు 1.3 మి.మీ. ఉండాలి. మందానికి ఒకటిన్నర రెట్లు, దానికి రూలు మందం కలిపితే వచ్చే లెక్క. దాన్ని 1.5కు పెంచాం. మడత లోపలి వైపు తడి స్పాంజితో ఒత్తి చూశాం. పదింటిలో మూడు నాలుగు బాగుపడ్డాయి, మడత మాత్రం వదులైపోయి వెన్ను గుండ్రంగా వచ్చింది. అక్కడితో ఆ దారి మూసుకుంది.

మిగిలినవి మూడు దారులు. మొదటిది అందరూ చేసేది: నల్ల మార్కర్‌తో వెన్ను పొడవునా గీసేయడం. ఈ లైన్లో అది రహస్యమేమీ కాదు. కానీ ఇక్కడ పగులు ఫిల్మ్ కింద ఉంది, మార్కర్ ఫిల్మ్ పైన నిలుస్తుంది. రెండు రోజులకు కొన్నవాళ్ల వేళ్లకు అంటుకుంటుంది. ఫిల్మ్ కూడా తెగిన చోట ఇంకు లోపలికి దిగి, ఎండలో చూస్తే ఊదా రంగులో మెరుస్తుంది. అరగంటలో తేలిపోయిన దారి.

రెండోది జపాన్ రికార్డులకు ఉండే ఓబీ పట్టీ. 170 జీఎస్ఎం ఆర్ట్ పేపరు మీద 70 మి.మీ. వెడల్పున వేసి వెన్ను చుట్టూ తొడిగితే పగులు కనబడదు, అందంగానూ ఉంటుంది. ఖర్చు తక్కువ, మూడు రోజుల పని. కళాకారుడు సరేనన్నాడు. "అన్నా, నాకు ఓబీ ఇష్టమే, కచేరీ డేటు దాటకపోతే చాలు" అన్నాడు. మూడు రోజులు ఈ పట్టీ దగ్గరే ఆగిపోయాం. నమూనా కూడా తీశాం, టేబుల్ మీద పెట్టి చూస్తే తప్పు పట్టడానికేమీ లేదు. ఆ నమూనా జాకెట్‌ను అరలోంచి ఒక ఇరవై సార్లు లాగి పెట్టాం. పట్టీ కింద పగులు వెంట్రుక మందం నుంచి గోరు అంచు మందానికి వచ్చింది, ఒక చోట పొర లేచింది. కొన్నవాళ్లు ఏదో ఒక రోజు పట్టీ తీస్తారు. తీసినప్పుడు కనబడేది వాళ్లు వాడటం వల్ల వచ్చిన చిరుగు అనుకుంటారు. అలా అనుకోవాలనే మేము పట్టీ తొడిగామన్నమాట. అది చేయబుద్ధి కాలేదు.

మూడోది, మొత్తం మళ్లీ వేయడం. అదే చేస్తున్నాం. అచ్చు ప్లేట్లు పాడవకుండా గమ్ పట్టించి దాచాం కాబట్టి ఆ ఖర్చు తప్పింది. బోర్డుకు రెండు రోజులు, ప్రింటింగ్‌కు ఒకటి, ఆరడానికి రెండు, లామినేషన్‌కు ఒకటి, దాని తర్వాత ఒక రోజు విశ్రాంతి, పంచింగ్ (డైతో ఆకారానికి కోయడం) ఒకటి, పేస్టింగ్ రెండు. ఇవే ఆ పది రోజులు. ఆరడానికి రెండు రోజులెందుకని అడిగేవాళ్లకు: వానాకాలం, నిండు నలుపు, ఇంకు ఆరకముందు ఫిల్మ్ వేస్తే, షీట్లు అంటుకోకుండా చల్లే పౌడరు దగ్గర గాలి చిక్కుకుని నలుపంతా బూడిద చల్లినట్టు అవుతుంది. అక్కడ ఒక రోజు మిగుల్చుకోబోతే మరో 300 పోతాయి.

ఆ కళాకారుడి కచేరీ తేదీ మాత్రం దాటింది. ఆ రోజు 100 రికార్డులు అచ్చు లేని తెల్ల జాకెట్లలో, మీద చిన్న స్టిక్కరుతో వెళ్లాయి. కొన్నవాళ్ల చిరునామాలు తీసుకున్నాం, అసలు జాకెట్లు మా ఖర్చుతో పోస్టులో పంపుతాం. పగిలిన వాటిలో ముందు భాగాలు బాగానే ఉన్నాయి. ఆయన అనుమతితో 300 మి.మీ. చదరాలుగా కోసి ఆ పార్సెళ్లలోనే పెడుతున్నాం.

ఇక మీ పనుల్లో మారేవి. బోర్డు ఇకపై మిల్లు ప్యాకింగ్‌లోనే కొంటాం, వంచి చూసిన చదరం ముక్క మీ జాబ్ కార్డుకు పిన్ చేసి ఉంటుంది. వచ్చి చూడొచ్చు, మీ చేత్తో వంచొచ్చు. అది లేకుండా ఏ షీటూ కత్తి కిందికి వెళ్లదు.

నిండు నలుపుకు సయాన్ 60 శాతం, మెజెంటా 40, ఎల్లో 40, బ్లాక్ 100 వాడండి, మొత్తం 240. నాలుగూ 100 పెట్టి పంపితే ఫైలు వెనక్కి వస్తుంది, ఆ ఇంకు వారమైనా ఆరదు. నలుపులోంచి తెల్లగా తీసే తెలుగు అక్షరాల చుట్టూ మిగతా మూడు రంగులను 0.15 మి.మీ. వెనక్కి జరపండి, అంచు బ్లాక్ ఒక్కటే పట్టుకోవాలి. పొట్టి గ్రెయిన్ షీటు పక్కకు సాగుతుందన్నాం కదా, రంగులు కాస్త జరిగినా ఒత్తు లోపలి ఖాళీ పూడిపోతుంది. క్ష్మి, స్త్రీ లాంటి చోట ముందు తెలుస్తుంది.

వెన్ను గురించి ఒక నియమం పెడుతున్నాం, కొందరికి నచ్చదు. 3 మి.మీ. వెన్ను మీద తెలుగు పేరు ఇక వేయం. మడత అర మిల్లీమీటరు అటూ ఇటూ జరుగుతుంది, రెండు వైపులా అది వదిలితే మిగిలేది 2 మి.మీ. ఇంగ్లిష్ పెద్ద అక్షరాలకు కిందికి వేలాడేది ఉండదు, సరిపోతుంది. తెలుగుకు పైన గుడి, కింద ఒత్తు, మధ్యలో అక్షరం, ఇవన్నీ ఆ రెండు మిల్లీమీటర్లలో ఇరికిస్తే చదవడానికి భూతద్దం కావాలి. తెలుగులో పేరు కావాలంటే వెన్ను 5 మి.మీ. పెట్టండి. అదనపు బోర్డు షీటులోనే సర్దుకుంటుంది, రేటు అదే. ఇంగ్లిష్‌కు మారమని మాత్రం చెప్పం.

పాటల సాహిత్యం 'అను' అనే పాత తెలుగు ఫాంట్లలో ఉంటే యూనికోడ్‌లోకి మార్చాక ఒక్కసారి పైకి చదవండి, ఒత్తులు, అరసున్నలు తప్పిపోతుంటాయి. పేజీలు కూర్చే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో వరల్డ్-రెడీ కంపోజర్ ఎంచుకోకపోతే ఒత్తులు విడిపోతాయి. అక్షరాలను అవుట్‌లైన్ చేసి, అంటే బొమ్మగా మార్చి, పంపితే ఆ తర్వాత పూచీ మాది. వెనక భాగంలో రికార్డింగ్ చేసినవారి పేరు, చిరునామా, హక్కుదారు పేరు, చిరునామా, తొలి ప్రచురణ సంవత్సరం తప్పనిసరి. కాపీరైట్ చట్టం 52ఎ సెక్షన్ అడుగుతుంది. డిజైన్ అందం పాడవుతుందని ఇది వదిలేసిన ఫైళ్లు ఇప్పుడు కూడా రెండు మా దగ్గర ఉన్నాయి, వాళ్లకు విడిగా ఫోన్ చేస్తాం.

క్యాసెట్ కార్డులకు ఈ గొడవ ఎందుకు తగలలేదంటే, 65 మి.మీ. ముందు భాగం, 12.7 వెన్ను, 16 రెక్క, మడతలన్నీ ఒకే దిక్కు. గ్రెయిన్ ఒక్కసారి చూసుకుంటే చాలు.

ఈ నెలాఖరు వరకు కొత్త ఎల్పీ ఆర్డర్లు తీసుకోం. వరుసలో ఉన్న నలుగురివి ఇచ్చిన తేదీల క్రమంలోనే వెళ్తాయి, ఎవరినీ ముందుకు జరపం, దయచేసి అడగొద్దు. పగిలిన జాకెట్ ఎలా ఉంటుందో చూడాలనుకునే వాళ్లకోసం రెండు కోయకుండా కౌంటర్ దగ్గర పెట్టాం.