సెల్ఫ్ కొట్టే ముందు చెవి పెట్టి విను

అమ్మలూ,

పొద్దున్నపూట కారు స్టార్ట్ కావడం లేదనీ, తాళం పదిసార్లు తిప్పితే ఎప్పటికో అందుకుంటోందనీ అన్నావు. ఇవన్నీ ఫోన్‌లో చెబితే సగం గాలికి పోతాయి, అందుకే రాస్తున్నాను. ఈ కాగితం కారులోనే పెట్టుకో.

అన్నిటికంటే ముందు, అదేపనిగా సెల్ఫ్ కొట్టకు. ఒక్కోసారికి పది సెకన్లు దాటకూడదు, మళ్లీ కొట్టే ముందు కనీసం అరనిమిషం ఆగాలి. సెల్ఫ్ మోటారు వంద ఆంపియర్లకు పైనే లాగుతుంది. ఆపకుండా తిప్పితే బ్యాటరీలో మిగిలిన కాస్తా అయిపోతుంది, మోటారూ వేడెక్కి కాలుతుంది. తాళం తిప్పగానే ఏం వినిపించింది, మీటరులో లైట్లు ఎలా ఉన్నాయి, ఈ రెండూ గమనిస్తే ఎక్కడ వెతకాలో తెలిసిపోతుంది.

టకటకటక అని వరసగా కొట్టుకుని, లైట్లు మసకబారితే బ్యాటరీ డౌన్, లేదా టెర్మినల్ వదులు. నువ్వు చెప్పినదాన్ని బట్టి నాకు దీనిమీదే అనుమానం. మన రాయగడ దాదాపు 200 మీటర్ల ఎత్తులో ఉంటే నువ్వుండే సెమిలిగూడ సుమారు 900 మీటర్లు. మార్గశిరం, పుష్యం చలికి బ్యాటరీ లోపల రసాయన చర్య మందగిస్తుంది, ఇంజనాయిల్ చిక్కబడి సెల్ఫ్ మోటారుకు బరువు పెరుగుతుంది. ఇక్కడ నెట్టుకొచ్చిన ముసలి బ్యాటరీ అక్కడ చేతులెత్తేస్తుంది. పైగా క్వార్టర్స్ నుంచి ఆఫీసుకు రెండు కిలోమీటర్లు నడిపితే, సెల్ఫ్‌కి ఖర్చయిన కరెంటు కూడా తిరిగి ఎక్కదు. వారానికోసారి జయపురం వైపో పొట్టంగి వైపో ముప్పావుగంట నడుపు.

బోనెట్ ఎత్తి టెర్మినళ్లు చూడు. తెల్లగానో పచ్చగానో పొడి పట్టి ఉంటే అదే అడ్డం. పదో నంబర్ పానాతో ముందు మైనస్ విప్పు, తర్వాత ప్లస్. బిగించేటప్పుడు ముందు ప్లస్, ఆఖర్న మైనస్. ఈ వరస తప్పితే, ప్లస్ మీదున్న పానా బాడీకి తగిలి నిప్పులు రాలతాయి. వేడినీళ్లలో వంటసోడా కలిపి పాత బ్రష్‌తో రుద్దు, కళ్లకూ చేతులకూ తగలనీయకు, ఆరనిచ్చి బిగించు. బిగించాక చేత్తో తిప్పితే కదలకూడదు. పైన కాస్త వాజలైన్ రాస్తే చాలు.

మల్టీమీటరు ఒకటి కొనుక్కో, అనుమానాలన్నీ తీరుస్తుంది. రాత్రంతా ఆగి ఉన్న కారులో 12.6 వోల్టులు చూపిస్తే బ్యాటరీ నిండా ఉన్నట్టు, 12.2 అంటే సగం, 12 కంటే తక్కువైతే చార్జింగ్ పెట్టించాల్సిందే. సెల్ఫ్ కొడుతున్నప్పుడు తొమ్మిదిన్నర కంటే కిందికి పడితే బ్యాటరీ బలం అయిపోయినట్టు. ఇంజన్ నడుస్తుండగా 13.8 నుంచి 14.5 దాకా ఉండాలి. ఎంతసేపు నడిపినా 12 దగ్గరే ఉంటే తప్పు బ్యాటరీది కాదు, డైనమోదో దాని బెల్టుదో. ఇది చూడకుండా కొత్త బ్యాటరీ కొంటే అదీ నాలుగు రోజుల్లో డౌనవుతుంది.

పక్కవాళ్ల కారుతో జంప్ ఇవ్వాల్సివస్తే రెండు కార్లూ ఒకదానికొకటి తగలకూడదు, రెండూ ఆపి ఉండాలి. ఎర్ర కేబుల్ ముందు నీ బ్యాటరీ ప్లస్‌కి, రెండో కొన వాళ్ల ప్లస్‌కి. నల్లది వాళ్ల మైనస్‌కి, దాని చివరి కొన మాత్రం నీ బ్యాటరీకి కాదు, నీ ఇంజన్ మీద రంగు లేని ఇనుముకి, బ్యాటరీకి దూరంగా. ఆఖరి కొన తగిలించేటప్పుడు నిప్పురవ్వ వస్తుంది, బ్యాటరీ దగ్గర హైడ్రోజన్ ఉంటే అంటుకుంటుంది. వాళ్ల ఇంజన్ అయిదు నిమిషాలు నడిచాక నువ్వు కొట్టు. అందుకున్నాక తగిలించిన వరసకు తిరగేసి తియ్యి.

ఒకే ఒక్క టక్ వినిపించి, లైట్లు నిండుగా వెలుగుతుంటే సెల్ఫ్ మోటారో, దానికి కరెంటు అందించే స్విచ్ సాలినాయిడో. అది మెకానిక్ పని. అసలు శబ్దమే లేకపోతే క్లచ్ అడుగంటా తొక్కావో లేదో చూడు, కొన్ని కార్లలో అది తొక్కితేగాని సెల్ఫ్ తీసుకోదు. మీటరులో తాళంచెవి గుర్తు గబగబా మెరుస్తుంటే కారు తాళాన్ని గుర్తించలేదన్నమాట, రెండో తాళంతో ప్రయత్నించు.

సెల్ఫ్ హుషారుగా తిరిగి ఇంజన్ మాత్రం అందుకోలేదంటే బ్యాటరీని వదిలెయ్, పెట్రోలు సంగతి చూడాలి. తాళం ఆన్ చేసి స్టార్ట్ చేయకుండా ఆగు, వెనక సీటు కిందనుంచి రెండు సెకన్లు సన్నగా రొద రావాలి. అది పంపు. రాకపోతే ఫ్యూజు డబ్బాలో పంపు ఫ్యూజు చూడు, కాలితే అదే ఆంపియర్లది వెయ్యి, ఎక్కువది వేస్తే వైరింగే కాలుతుంది. పెట్రోలు వాసన గుప్పుమంటే ప్లగ్గులు తడిసినట్టు, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిపట్టి పది సెకన్లు సెల్ఫ్ కొడితే ఆరతాయి. వరి కోతలయ్యాక ఎలుకలు వెచ్చదనానికి బోనెట్‌లో దూరతాయి, కొరికిన వైర్లు కనిపిస్తాయేమో టార్చితో చూడు.

తోసి స్టార్ట్ చేయడం గేరు బండికే పనికొస్తుంది. తాళం ఆన్, రెండో గేరు, క్లచ్ తొక్కి ఉంచి, వేగం అందుకోగానే వదలాలి. బ్యాటరీ పూర్తిగా చచ్చిపోతే పంపుకు కరెంటుండదు, ఎంత తోసినా దండగ. తోయడం సమంగా ఉన్న రోడ్డు మీదే. సుంకి ఘాట్ దిగువకి ఇంజన్ ఆపి జారనివ్వడం మాత్రం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. రెండు మూడుసార్లు తొక్కేసరికి బ్రేకు రాయిలా బిగుసుకుంటుంది, స్టీరింగూ బరువెక్కుతుంది. అక్కడ ఆగిపోతే నాలుగు ఇండికేటర్లూ వేసి, కారు దిగి రోడ్డు పక్కన కొండవైపు నిలబడి 112కో, హైవే సాయం నంబరు 1033కో ఫోన్ చెయ్.

మెకానిక్‌తో బ్యాటరీ పోయిందని నువ్వే తీర్పు చెప్పకు. ఏ శబ్దం వచ్చింది, లైట్లు ఎలా ఉన్నాయి, చలిలోనేనా ఎండలో కూడానా, ఇవన్నీ ఒడియాలోనే వివరంగా చెప్పు, నాకంటే నీకే బాగా వచ్చు.

ఆదివారం మామయ్య కోరాపుట్ వస్తున్నాడు, లావుపాటి రాగి జంపర్ కేబుల్, పదో నంబర్ పానా అతని చేత పంపిస్తున్నాను. ఈలోపు బ్యాటరీ మీద ముద్రించిన నెల, సంవత్సరం చూసి చెప్పు. నాలుగేళ్లు దాటి ఉంటే చలికాలం గడిచేదాకా ఆగొద్దు, డబ్బులు నేను పంపుతాను.

అమ్మ