కొరియా పాటల అభిమానం చదువుకు శత్రువా?

సంపాదకులకు,

నమస్కారం. గత ఆదివారం మీ జిల్లా అనుబంధంలో కొరియా పాటల మోజులో పడి విద్యార్థులు పాడైపోతున్నారంటూ వచ్చిన కథనం చదివినప్పటి నుంచి మనసు కుదుటపడక ఈ ఉత్తరం రాస్తున్నాను. కొరియా గాయక బృందం బీటీఎస్ పాటలు వినే పిల్లలంతా చదువును గాలికొదిలేశారని, తల్లిదండ్రుల డబ్బు పోస్టర్లకూ ఫొటో కార్డులకూ తగలేస్తున్నారని మీ విలేకరి తేల్చేశారు. విశాఖపట్నం వెళ్లి అక్కడ ఓడెక్కి కొరియా చేరుకుందామని 2024లో తమిళనాడుకు చెందిన ముగ్గురు బాలికలు ఇల్లు వదిలిన ఉదంతాన్నీ గుర్తుచేశారు. ఆ వార్త చదివి నేనూ తల్లడిల్లాను. అయితే కొరియాలో చదువుకోవడానికి ఆ దేశ ప్రభుత్వమే విదేశీ విద్యార్థులకు ఉపకార వేతనాలు ఇస్తుందని, అందుకు ముందుగా ఇవి ఇవి చదవాలని ఆ పిల్లలను కూర్చోబెట్టి చెప్పిన పెద్దలు ఒక్కరైనా ఉన్నారా అన్న ప్రశ్న ఆ కథనంలో ఎక్కడా కనిపించలేదు.

నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో ఇంగ్లీషు చెప్పి పదవీ విరమణ చేసినదాన్ని. మా మనవరాలు పదో తరగతి దాకా భాషా పాఠాలంటే ఆమడ దూరం పారిపోయేది. ఈరోజు డిగ్రీ చదువుతూ, కొరియన్ భాషా ప్రావీణ్య పరీక్ష టోపిక్‌లో రెండో స్థాయి ఉత్తీర్ణురాలైంది. దీనికి మూలం బీటీఎస్ పాటలేనని చెప్పడానికి నాకు ఏ సంకోచమూ లేదు. పాట అర్థం తెలుసుకోవాలన్న పట్టుదలతోనే ఆ అమ్మాయి లిపి నేర్చుకుంది. 2020లో ఆ బృందం సంస్థ హాంకుక్ విదేశీ భాషల విశ్వవిద్యాలయం సహకారంతో విదేశీ అభిమానుల కోసం తయారు చేసిన చిన్న చిన్న వీడియో పాఠాలతో వాక్యాలు నేర్చుకుంది.

ఆమె నోటుపుస్తకం నేను స్వయంగా చూశాను. ఎడమ పేజీలో కొరియన్ పంక్తి, కుడి పేజీలో తెలుగు అర్థం, క్రియల కింద ఎర్ర సిరాతో గీత. 1446లో సెజోంగ్ రాజు లోకానికి అందించిన ఆ లిపిలో హల్లునూ అచ్చునూ కలిపి ఒకే గడిలో అక్షరంగా కూర్చుతారు కాబట్టి, గుణింతం దిద్దిన మన పిల్లలకు అది చప్పున పట్టుబడుతుంది. క్రియ వాక్యం చివరే వస్తుంది. ఇంట్లో, ఇంటికి, ఇంటి నుంచి అని మనం పదం చివర ప్రత్యయాలు చేర్చినట్టే వాళ్లూ చేరుస్తారు. తాతగారు వచ్చారు, తమ్ముడు వచ్చాడు అన్న మర్యాద భేదం వాళ్ల క్రియల్లోనూ ఉంది. ఇవన్నీ పోల్చుకుంటూ పోయిన ఆ అమ్మాయి, బడిలో ఏళ్ల తరబడి ఒంటబట్టని తెలుగు వ్యాకరణాన్ని కూడా ఇప్పుడు నన్ను అడిగి మరీ చెప్పించుకుంటోంది. ఇన్నేళ్లు పాఠాలు చెప్పిన నాకు ఇంతకంటే సంతోషం ఏముంటుంది?

ఆ బృంద నాయకుడు ఆర్‌ఎం విషయమే తీసుకోండి. తల్లి కొనిచ్చిన ఒక అమెరికన్ టీవీ ధారావాహిక డీవీడీలు చూసి ఇంగ్లీషు నేర్చుకున్నానని ఆయనే చెప్పుకున్నారు. ఆ ఇంగ్లీషుతోనే 2018 సెప్టెంబరులో న్యూయార్క్‌లోని ఐక్యరాజ్యసమితి వేదికపై, చిన్నతనంలో ఇతరులు తన గురించి ఏమనుకుంటారోనన్న దిగులుతో తన గొంతు తానే నొక్కేసుకున్న వైనాన్ని ప్రపంచ యువతకు వివరించారు. ఆ ప్రసంగాన్ని మా మనవరాలు కంఠస్థం చేసింది. అర్థం కాని ప్రతి మాటకూ నిఘంటువు తిరగేసింది. మార్కుల కోసం ఆమెతో నేను చేయించలేని పని అది. వాళ్ల 2016 ఆల్బమ్‌కు జర్మన్ రచయిత హెర్మన్ హెస్సే నవల 'డేమియన్' స్ఫూర్తి అని తెలిసి ఆ పుస్తకం కోసం వెతుక్కుంది. ఒక గాయకుడి మీద ఇష్టంతో పద్దెనిమిదేళ్ల పిల్ల హెస్సే దాకా వెళ్తే మనం చేయవలసింది మందలించడమా?

పుస్తకం కోసం ఊళ్లోని గ్రంథాలయానికి వెళ్తే దొరకలేదు సరికదా, కనీసం ఒక కొరియన్ నిఘంటువైనా తెప్పించమని రాసిచ్చిన అర్జీకి ఇంతవరకూ అతీగతీ లేదు. అక్కడ ఉన్నవల్లా పోటీ పరీక్షల గైడ్లు, చిరిగిపోయిన పాత వారపత్రికలు. ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ పన్ను మా దగ్గర వసూలు చేస్తూనే ఉన్నారు. ఆ సొమ్ము ఏ పుస్తకంగా మారి ఏ అలమరలోకి చేరుతోందో అడిగితే చెప్పే అధికారి లేడు. ఒకప్పుడు కొత్త పుస్తకాల జాబితా గోడకు అతికించేవారు, పాఠకుల సూచనలకు ఒక రిజిస్టరు ఉండేది. ఇప్పుడు ఆ రిజిస్టరూ లేదు, అడిగేవారూ లేరు.

ఇక కాలేజీ సంగతి. సాయంత్రం పూట ఒక గంట కొరియన్ తరగతి పెట్టించమని పిల్లలు సంతకాలు సేకరించి ఇస్తే, పాటల పిచ్చికి కాలేజీలో చోటు లేదని తిప్పి పంపారు. ఇది ఎక్కడో కాదు, పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కొరియా సంస్థ కియా కార్ల కర్మాగారం 2019 నుంచి కార్లు తయారు చేస్తున్న ప్రాంతంలో జరిగిన మాట. కొరియన్ అక్షరాలతో బోర్డులు, కొరియన్ భోజనశాలలు మన కళ్లముందే వెలిశాయి. ఆ భాష వచ్చిన స్థానిక యువతకు పని దొరికే అవకాశం ఉన్న చోట, పిల్లలే ముందుకొచ్చి నేర్పమంటే పొమ్మనడం ఏం పాలన? 2020 జాతీయ విద్యావిధానం మాధ్యమిక స్థాయిలో నేర్పదగిన విదేశీ భాషల్లో కొరియన్‌ను పేరు పెట్టి మరీ చేర్చింది. విధానాల మీద సభలు పెట్టి శాలువాలు కప్పుకునే మన అధికారులు ఆ పేజీ తెరిచి చూశారా? టోపిక్ రాయడానికి మా మనవరాలిని పరాయి రాష్ట్రానికి తీసుకెళ్లాల్సి వచ్చింది. ప్రయాణానికీ బసకూ అయిన ఖర్చు మేము భరించగలిగాం. అదే తరగతిలో ఆమెతోపాటు లిపి నేర్చుకున్న కూలీల పిల్లలు భరించలేక ఆగిపోయారు. నా కోపమంతా వాళ్ల గురించే.

పిల్లలు రాత్రుళ్లు మేలుకుని వీడియోలు చూడటం, వస్తువులకు డబ్బు పోయడం నాకూ ఇష్టం లేదు. ఆ అలవాట్లను సరిదిద్దవలసిందే. కానీ ఏ గాయకుడినీ పట్టించుకోకుండానే ఫోన్లలో పొద్దు పుచ్చే పిల్లలు ఎందరో ఉన్నారు. చదువు మీదికి మనసు మళ్లిన వీళ్లను కూడా ఆ లెక్కలోనే వేయడం అన్యాయం.

కాబట్టి మీకు నా విన్నపం ఒక్కటే. ఆ కథనానికి ఇచ్చినంత స్థలం ఇచ్చి, టోపిక్ పరీక్షకు దరఖాస్తు ఎలా చేయాలో, కేంద్రాలు ఎక్కడున్నాయో, కొరియా ప్రభుత్వ ఉపకార వేతనానికి అర్హతలేమిటో మీ విద్యా పేజీలో ప్రచురించండి. సాయంత్రం తరగతి ఎందుకు కుదరదో కళాశాల విద్యాశాఖ అధికారులను, మా అర్జీ ఏమైందో జిల్లా గ్రంథాలయ సంస్థను మీ విలేకరి చేతనే అడిగించి, వాళ్లిచ్చే జవాబును ఉన్నదున్నట్టు వేయండి.

భవదీయ,
ఒక విశ్రాంత ఉపాధ్యాయిని,
హిందూపురం, శ్రీ సత్యసాయి జిల్లా