ప్రత్యేక ఉపాధ్యాయుల సమయాన్ని పిల్లలకే వదలండి

సంపాదకులకు,

నమస్కారం. హనుమకొండ జిల్లాలోని ఒక మండల భవిత కేంద్రంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు చదువు చెబుతున్నాను. డిసెంబరు 3న, అంతర్జాతీయ దివ్యాంగుల దినోత్సవం నాడు, మా కేంద్రాల గురించి ఫొటోలతో వార్తలు వస్తాయి. మిగిలిన రోజుల్లో అక్కడ ఏం పని జరుగుతుందో చదువుకున్నవారికి కూడా అంతగా తెలియదు. అది తెలియకపోవడం వల్లనే మమ్మల్ని పిల్లల దగ్గర నుంచి లేపి వేరే పనులకు పంపడం తేలికవుతున్నదని భావించి ఈ లేఖ రాస్తున్నాను.

చొక్కా గుండీ పెట్టుకోవడాన్నే తీసుకోండి. మామూలు పిల్లలు దాన్ని చూసి నేర్చుకుంటారు. మేధో వైకల్యం ఉన్న పిల్లవాడికి మాత్రం దాన్ని చిన్న చిన్న పనులుగా విడగొట్టి, చివరి నుంచి మొదటికి నేర్పవలసి ఉంటుంది. గుండీని మేమే కాజాలో సగం దాకా దూర్చి, అవతలి వైపు నుంచి లాగడం ఒక్కటే వాడికి వదులుతాం. పని పూర్తి చేసింది తానేనన్న సంతోషం వాడికే దక్కుతుంది కనుక మరునాడు మళ్లీ తానే చెయ్యి చాపుతాడు. అది కుదిరాక గుండీని కాజా దగ్గరికి తేవడం, ఆ తర్వాత రెండు వేళ్లతో పట్టుకోవడం నేర్పుతాం. దీనికి నెలలు పడుతుంది. మధ్యలో రెండు వారాలు టీచరు కనిపించకపోతే వచ్చిన పని కూడా చేజారిపోతుంది, మళ్లీ మొదటికి రావలసిందే. అన్నం కలుపుకుని తినడమైనా, మూత్రం వస్తోందని సైగ చేయడమైనా ఇంతే.

కేంద్రానికి రాలేని పిల్లల ఇళ్లకు మేమే వెళ్తాం. సెరెబ్రల్ పాల్సీతో (మెదడు దెబ్బతిని కండరాలు అదుపులో ఉండని స్థితితో) మంచానికే పరిమితమైన పిల్లలు ఇందులో ఎక్కువ. పత్తి ఏరే కాలంలో తల్లిదండ్రులు తెల్లవారకముందే ఆటోల్లో చేన్లకు పోతారు, పిల్లవాడి దగ్గర నానమ్మో అమ్మమ్మో ఉంటుంది. బిగుసుకుపోయిన కాలిని ఎలా చాపించాలో, ముద్ద మింగేటప్పుడు తలను ఎలా ఆనించి పట్టుకోవాలో ఆమెకే నేర్పుతాం, ఎందుకంటే మేం వెళ్లిపోయాక ఆ పని చేయవలసింది ఆమే. శిబిరంలో ఇచ్చిన వినికిడి యంత్రం ఎక్కడ పాడవుతుందోనన్న భయంతో బీరువాలోనే ఉండిపోయిన ఇళ్లను కూడా చూశాను. దాన్ని తీయించి, కొత్త బ్యాటరీ వేసి, మొదట పావుగంట, తర్వాత అరగంట చొప్పున పిల్ల చెవికి అలవాటు చేయాలి. వైకల్య ధ్రువీకరణ పత్రం కోసం ఏ కాగితాలతో ఎక్కడికి పోవాలో చెప్పవలసిన బాధ్యత కూడా చాలా సార్లు మాదే. ఇది మా పని కాదని నేను అనను, ఆ కాగితం లేనిదే పింఛను రాదు.

అయితే ఆన్‌లైన్ నమోదులకు, సర్వేలకు, ఆఫీసు రికార్డులకు మనిషి తక్కువైనప్పుడల్లా మొదట గుర్తుకు వచ్చేది ప్రత్యేక ఉపాధ్యాయులే. మా తరగతిలో పిల్లలు తక్కువగా కనిపిస్తారు కనుక పోయేదేమీ లేదని అనుకుంటారు. పోయేది పిల్లవాడి మూడు నెలల కష్టం. ఆ నష్టం ఏ పరీక్ష ఫలితాల్లోనూ కనబడదు కనుకనే అడిగేవారు లేరు.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించి, నిర్ణీత స్థాయి వైకల్యమున్న పిల్లలకు 18 ఏళ్ల వరకు ఉచిత విద్యను హక్కుగా ఇచ్చింది. 2021 అక్టోబరు 28న రజనీశ్ కుమార్ పాండే కేసులో సుప్రీంకోర్టు, ఇలాంటి పిల్లలకు ప్రాథమిక స్థాయిలో 10 మందికి ఒకరు, ఆపై తరగతుల్లో 15 మందికి ఒకరు చొప్పున ప్రత్యేక ఉపాధ్యాయులు ఉండాలని చెప్పింది. మన రాష్ట్రం 2024 డీఎస్సీలో ప్రత్యేక విద్యకు 220 స్కూల్ అసిస్టెంట్, 796 ఎస్జీటీ (సెకండరీ గ్రేడ్ టీచర్) పోస్టులు చూపడం నిజంగా మంచి అడుగు. కానీ నియమితులైన టీచరు పిల్లల దగ్గర కాకుండా కంప్యూటర్ ముందు కూర్చుంటే ఆ నిష్పత్తి ఎవరికి ఉపయోగం?

కాబట్టి విద్యాశాఖ అధికారులను నేను కోరేది ఒక్కటే. ప్రత్యేక ఉపాధ్యాయులను బోధనేతర పనుల నుంచి మినహాయిస్తూ రాతపూర్వక ఉత్తర్వులు ఇవ్వండి. అన్ని రోజులకూ అది వెంటనే సాధ్యం కాకపోతే, ఈసారి పత్తి ఏరడం మొదలయ్యేలోపు కనీసం ఇంటి సందర్శనల రోజులకైనా ఆ మినహాయింపు వర్తింపజేయండి.

— ఒక ప్రత్యేక ఉపాధ్యాయురాలు, హనుమకొండ జిల్లా