పేటెంటు ఖర్చు 1,600 రూపాయలతో అయిపోదు, మంత్రి గారూ

కేంద్ర వాణిజ్య, పరిశ్రమల శాఖ మంత్రి గారికి నమస్కారం.

మాది ఒడిశాలోని రాయగడ జిల్లా గుణుపురం. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, సంతకొచ్చే సవరవాళ్ళతో వాళ్ళ మాటలు నాలుగు, అలా నడిచే ఊరు. మా అన్నయ్యకి లేతు, వెల్డింగు షాపు ఉంది, లెక్కలు నేను చూస్తాను. చింతపండులో గింజ తీసే మిషన్ ఒకటి అన్నయ్య తయారుచేశాడు. గుజ్జు నలిగిపోకుండా గింజ విడిపోయేలా రోలర్లు అమర్చడం పూర్తిగా తన ఆలోచనే. ఇక్కడ ఆ పని ఆడవాళ్ళు కూర్చుని కర్రతో కొట్టి చేస్తారు, సీజన్ అయ్యేసరికి చేతులు బొబ్బలెక్కిపోతాయి. దీనికి పేటెంటు తీసుకుందామని దిగాక అర్థమైన సంగతులే ఈ ఉత్తరం.

ముందుగా ఒకటి చెప్పాలి, మీ ఫీజు మీద నాకు ఫిర్యాదు లేదు. వ్యక్తి పేరుతో ఆన్‌లైన్‌లో దాఖలు చేస్తే 1,600 రూపాయలు, పెద్ద కంపెనీకైతే 8,000. చిన్న యూనిట్లకీ స్టార్టప్‌లకీ కూడా వ్యక్తి రేటే ఇచ్చారు, చాలా మంచి పని. అయితే అందరికీ ఆ 1,600 ఒక్కటే తెలుస్తుంది. దాని తర్వాత, ఇది నిజంగా కొత్తదేనా అని పరీక్ష చేయమని అడుగుతూ విడిగా 4,000 కట్టాలని, కట్టకపోతే అప్లికేషన్ వెనక్కి తీసుకున్నట్టే లెక్కని, ఇదివరకు 48 నెలలున్న ఆ గడువు 2024 మార్చిలో వచ్చిన రూల్స్‌తో 31 నెలలైందని మా వైపు ఎవరు చెప్పారు? అప్లికేషన్ నంబరు రాగానే పేటెంటు వచ్చేసిందనుకుని నిశ్చింతగా ఉండేవాళ్ళే ఎక్కువ.

తర్వాత రెన్యువల్, అంటే పేటెంటు నిలబెట్టుకోవడానికి ఏటా లెక్కయ్యే ఫీజు. మూడో ఏడు నుంచి ఆరో ఏడు దాకా ఏడాదికి 800, పదో ఏడు దాకా 2,400, పదిహేనో ఏడు దాకా 4,800, ఆపైన ఇరవయ్యో ఏడు దాకా 8,000. నేను కాగితం మీద వేసి చూశాను. మొదటి పదేళ్ళకి దాఖలు, పరీక్ష, రెన్యువల్ అన్నీ కలిపి 18,400 రూపాయలు, ఇరవై ఏళ్ళూ నిలబెట్టుకుంటే 82,400. పదేళ్ళలో మిషన్ అమ్ముడుపోకపోతే అక్కడితో ఆపేయొచ్చు, తప్పేం లేదు, కానీ ఆ నిర్ణయం లెక్క తెలిసినవాడే తీసుకోగలడు. ఇందులో ఇంకో మెలిక ఉంది. పేటెంటు మంజూరు కావడానికి నాలుగేళ్ళు పడితే అప్పటిదాకా పేరుకున్న రెన్యువల్ అంతా మంజూరైన మూడు నెలల్లో ఒకేసారి కట్టాలి. ఆలస్యం ఆఫీసుదైనా సరే డబ్బు మాత్రం మేమే సిద్ధంగా పెట్టుకోవాలి.

ఇదంతా భరించగలిగేదే. అసలు టెన్షన్ రాతపని దగ్గర. చట్టం ప్రకారం పేటెంటు పనులు చేసిపెట్టే ఏజెంటు తప్పనిసరి కాదు, ఎవరిది వాళ్ళే దాఖలు చేసుకోవచ్చు. కానీ స్పెసిఫికేషన్, అంటే మిషన్ ఎలా పనిచేస్తుందో వివరించే కాగితం, ఇంగ్లీషులోనో హిందీలోనో ఉండాలి. అందులో క్లెయిములు, అంటే ఇంతవరకు హక్కు మాది అని చెప్పే వాక్యాలు, రాయడం మరీ కష్టం, అవి పొలం గట్టు లాంటివి, లోపలికి వేస్తే మన నేల పోతుంది, మరీ బయటికి వేస్తే అప్లికేషన్‌ని పరీక్షించే ఎగ్జామినర్ ఒప్పుకోడు. పది క్లెయిములు దాటితే ఒక్కోదానికి 320, ముప్ఫై పేజీలు దాటితే పేజీకి 160 అదనం. ఎగ్జామినర్ అభ్యంతరాలు పంపాక ఆరు నెలల్లో జవాబివ్వాలి, అది కూడా ఇంగ్లీషులోనో హిందీలోనో. పదో తరగతి ఒడియా మీడియంలో చదివి, ఇంట్లో తెలుగు మాట్లాడే లేతు మేస్త్రి ఏం చేస్తాడు చెప్పండి. నగరంలో ఒక ఏజెంటును అడిగితే అంతా కలిపి ఎనభై వేలు అన్నారు, అందులో సర్కారు ఫీజెంత, వాళ్ళదెంత, అభ్యంతరాలు వస్తే మళ్ళీ ఎంత అని అడిగితే సరైన జవాబు రాలేదు. వాళ్ళ చదువుకీ శ్రమకీ విలువ ఉంది, కాదనను, ఎంత ఇస్తున్నామో దేనికిస్తున్నామో తెలియాలి కదా.

స్టార్టప్‌ల కోసం 2016లో మీ శాఖే ఒక పథకం పెట్టింది. అప్లికేషన్ రాతపనిలో సాయం చేసే ఫెసిలిటేటర్ ఫీజు ప్రభుత్వం ఇస్తుంది, దరఖాస్తుదారు కట్టేది సర్కారు ఫీజు మాత్రమే. మాకు కావలసింది అచ్చంగా అలాంటిదే, కానీ గుణుపురంలో, కాశీనగరంలో, పర్లాకిమిడిలో ఏ వర్క్‌షాపుకైనా వెళ్ళి అడగండి, ఆ పేరు విన్నవాళ్ళు దొరకడం కష్టం. పర్లాకిమిడి వాళ్ళ అప్లికేషన్ కలకత్తా ఆఫీసు పరిధిలోకి, పక్కనే ఆంధ్రాలో ఉన్న పాతపట్నం వాళ్ళది చెన్నై పరిధిలోకి వస్తుంది. ఆన్‌లైనే కాబట్టి ప్రయాణం అక్కర్లేదు, నిజమే. కానీ అనుమానం వస్తే అడగడానికి దగ్గర్లో మనిషి మాత్రం రెండు ఊళ్ళకీ లేడు. అడిగే చోటు లేకే మిషన్ని ముందు సంతలో అందరికీ చూపించేసి, యూట్యూబ్‌లో పెట్టేసి, పేటెంటుకి కావలసిన కొత్తదనం పోగొట్టుకున్నాక పేటెంటు కోసం బయల్దేరుతున్నారు. అప్పుడు ఎంత ఖర్చు పెట్టినా ఏం లాభం?

కాబట్టి అడుగుతున్నాను. పూర్తిదానికి ముందు ఇచ్చే తాత్కాలిక స్పెసిఫికేషన్‌ని తెలుగులో, ఒడియాలో, మరాఠీలో ఇవ్వనివ్వండి. పూర్తి స్పెసిఫికేషన్‌కి ఎలాగూ 12 నెలలు టైముంది, ఆలోగా అనువాదం తెచ్చి ఇస్తాం, దాఖలు తేదీ మాత్రం మాకు ముందే దక్కుతుంది. ఏజెంట్లు సర్కారు ఫీజునీ తమ ఫీజునీ విడివిడిగా రాసి ఇవ్వాలని నియమం పెట్టండి. ఇరవై ఏళ్ళ ఖర్చు పట్టిక ఒకే పేజీలో అన్ని భాషల్లో అచ్చేసి జిల్లా పరిశ్రమల కేంద్రాల గోడకి అంటించండి. నెలకో రోజు అక్కడ ఒక ఫెసిలిటేటర్‌ని కూర్చోబెట్టండి, మా జిల్లాల్లో తెలుగూ ఒడియా రెండూ వచ్చినవాళ్ళని.

మొదటిదానికి రూల్ మార్చాలి, టైము పడుతుందని తెలుసు. గోడకి పట్టిక అంటించడానికీ, నెలకో రోజు మనిషిని పంపడానికీ మీ శాఖ సర్క్యులర్ చాలు. వచ్చే చింతపండు సీజన్‌కి ముందే, అంటే ఫిబ్రవరిలోపే, ఈ రెండూ రాయగడ, గజపతి జిల్లాల్లో మొదలుపెట్టించండి.

ఇట్లు,
గుణుపురంలో ఒక లేతు షాపు లెక్కలు చూసే చెల్లెలు