పెన్సిల్ దాని చేతిలో, బుర్ర నాది

ఒరేయ్,

నీ మెసేజ్ రాత్రే చూశాను. మీ అబ్బాయికి లెక్కల్లో మార్కులు తగ్గాయని మూడు రోజులుగా ఇంట్లో ఎవరూ ఎవరితోనూ సరిగ్గా మాట్లాడట్లేదన్నావు చూడు, నవ్వూ వచ్చింది, బాధా వేసింది. పోయినేడాది మా ఇంట్లోనూ ఇదే సీను మరి.

ఎవరికీ చెప్పకు గానీ, మా అమ్మాయి హోంవర్క్ అప్పట్లో నేనే చేసేవాణ్ణి. అంటే పెన్సిల్ దాని చేతిలోనే ఉండేది, బుర్ర మాత్రం నాది. భిన్నాల లెక్క దగ్గర అది రెండు క్షణాలు ఆగితే చాలు, "కింద ఆరు వెయ్యి, పైన మూడూ రెండూ కలుపు" అనేసేవాణ్ణి. నోట్సు నిండా టిక్కులే. పరీక్షలో మాత్రం 1/2కి 1/3 కలిపి 2/5 అని రాసొచ్చింది, పైవి పైవీ కిందవి కిందవీ కలిపేసి. దాన్నేం అంటాం, ఆలోచించే టైము ఏనాడైనా ఇచ్చానా?

ఇప్పుడు పక్కన కూర్చుని నా పని నేను చూసుకుంటాను. ఆగిపోతే "ఇక్కడిదాకా ఎలా వచ్చావో చెప్పు" అంటాను, అంతే. చెబుతూ చెబుతూ చాలాసార్లు తప్పు తనే పట్టుకుంటుంది. అప్పటికీ రాకపోతే ఖాళీగా వదిలేసి రేపు టీచర్‌ని అడగమంటాను. మొదట్లో ఆ ఖాళీ చూస్తే నాకు చేతులు ఆగేవి కావు, అది వేరే సంగతి.

ఇంకోటి, పుస్తకం మూయించి చెప్పించు. 2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు సైకాలజిస్టులు కాలేజీ విద్యార్థుల మీద ఇదే పరీక్షించారు. ఒక పాఠాన్ని కొందరితో మళ్లీ చదివించారు, కొందరితో చూడకుండా గుర్తున్నంత రాయించారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే మళ్లీ చదివినవాళ్లదే పైచెయ్యి. వారం పోయాక అడిగితే రాసినవాళ్లకే ఎక్కువ గుర్తుంది! రాత్రి "అంతా వచ్చేసింది నాన్నా" అన్న పిల్లలు పరీక్షలో తెల్లమొహం ఎందుకేస్తారో నాకప్పుడు అర్థమైంది. పాపం, అబద్ధమేం చెప్పరు, వచ్చేసిందనే అనుకుంటారు.

రాత్రి పదకొండు దాకా కూర్చోబెడుతున్నానని గొప్పగా రాశావు, అది మాత్రం మానెయ్. 6 నుంచి 12 ఏళ్ల పిల్లలకి రోజుకి 9 నుంచి 12 గంటల నిద్ర కావాలని నిద్ర వైద్యులు చెప్తారు. పొద్దున్నే ఆరింటికి లేపుతున్నావు కదా, లెక్క నువ్వే వేసుకో.

టీచర్ని కలవడానికి మార్కులు వచ్చేదాకా ఆగక్కర్లేదు. వెళ్లి "ఎలా చదువుతున్నాడండీ" అంటే "పర్లేదండీ" అంటారు, అయిపోయింది. "ఎక్కడ ఆగిపోతున్నాడు?" అని అడుగు, అసలు విషయం బయటికొస్తుంది. చెల్లెమ్మని కూడా తీసుకెళ్లు, నువ్వొక్కడివే వెళ్తే సగం మర్చిపోయి వస్తావు, నాకు తెలుసు.

పక్కింటి పిల్లతో పోలికలు పెట్టొద్దని నీకు వేరే చెప్పాలా? చిన్నప్పుడు మీ నాన్న నిన్ను నాతో పోలిస్తే నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు నువ్వు.

ఆ పరీక్ష పేపర్ ఉందా, చించేశావా? ఉంటే ఫొటో తీసి పంపు, ఎక్కడ తప్పాడో చూస్తా. వద్దులే, ముందు వాణ్ణే చూడనివ్వు.

నీ,
పాత బెంచీవాడు