కాన్రాడ్ పేరు కూడా చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

రాజ్యాంగ మౌలిక స్వరూపం (పార్లమెంటు సవరణలతో కూడా చెరపకూడని మూల లక్షణాలు) గురించి ఇంత చర్చ జరుగుతున్నా ప్రొఫెసర్ డీట్రిష్ కాన్రాడ్‌ను తలిచేవారు తక్కువ. చాలా బాధగా ఉంటుంది. జర్మనీలో హైడెల్‌బర్గ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడాయన. 1965 ఫిబ్రవరిలో బెనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో ప్రసంగిస్తూ సూటిగా అడిగారు: సవరణ అధికారంతో రాజ్యాంగాన్నే రద్దు చేసి మళ్లీ మొఘల్ చక్రవర్తినో, బ్రిటిష్ రాచరికాన్నో తేవచ్చా? జర్మనీ పాత రాజ్యాంగమైన వైమర్ రాజ్యాంగం హిట్లర్ చేతిలో ఏమైందో చూసిన దేశం నుంచి వచ్చిన మనిషి మరి!

ఆ వాదనను గోలక్‌నాథ్ కేసులో న్యాయవాది నంబియార్ సుప్రీంకోర్టు ముందుంచారు. ప్రాథమిక హక్కులను సవరణతో తగ్గించే అధికారం పార్లమెంటుకు లేదని 1967లో ఆ కేసులో తీర్పిచ్చిన ధర్మాసనానికి నాయకత్వం వహించింది మన రాజమండ్రిలో పుట్టిన కోకా సుబ్బారావు గారు. 1973 ఏప్రిల్ 24న కేశవానంద భారతి కేసులో న్యాయమూర్తుల 7-6 మెజారిటీతో మౌలిక స్వరూప సిద్ధాంతం నిలిచింది. అందులో జస్టిస్ ఖన్నా కాన్రాడ్‌ను ప్రస్తావించారు కూడా.

నేను లా పాఠాలు చెప్పినదాన్ని. పరీక్షల టెన్షన్‌లో పిల్లలు గైడ్లలో కేసు పేరు, తేదీ కింద ఎర్ర గీత గీసుకుని బట్టీ పడతారు. ఆ ప్రశ్న ఒక క్లాసులో పుట్టిందని వాళ్లకు ఎవరూ చెప్పరు. ఉభయ రాష్ట్రాల లా కాలేజీల్లో మొదటి ఏడాదే ఆ ప్రసంగాన్ని చదివించాలి.

– ఒక విశ్రాంత అధ్యాపకురాలు, విశాఖపట్నం