మల్దేవి ఏరు ఏ శాఖది? జలవనరుల శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన జలవనరుల శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు కింద మాకు రెండెకరాల మడి ఉంది. చెరువు గురించి మీకు అర్జీలు చాలానే వచ్చి ఉంటాయి. నేను రాస్తున్నది చెరువులోకి నీళ్లు తెచ్చే ఏరు గురించి. దాని పేరు మల్దేవి. ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుకే కనపడుతుంది కాబట్టి ఊళ్లో చాలామంది దాన్ని వంక అనే అంటారు.

మాకు పడమట నల్లమల, తూర్పున వెలికొండ. మధ్యలో సగిలేరు లోయ. పెన్నాకు, పాపాగ్నికి కర్ణాటకలో వాన పడినా నీళ్లొస్తాయి. మల్దేవికి ఆ ఆశ లేదు. మా కొండల మీద పడిందే దానికి నీళ్లు. జిల్లాలో ఏడాదికి సుమారు 700 మిల్లీమీటర్ల వాన పడుతుంది, అదీ నాలుగైదు ముసుర్లలో కురిసి పోతుంది. కొండవాలు నిటారుగా ఉంటుంది కాబట్టి తెల్లవారుజామున పడిన వాన పొద్దెక్కేసరికి ఏట్లో ఉంటుంది, మర్నాటికి మోకాలి లోతుకు తగ్గిపోతుంది. ఏరు గట్టిగా పారేది ఏడాదిలో కొద్ది రోజులే. ఆ కొద్ది రోజుల్లో చెరువుకు చేరినంతే మా వరి.

ఈ సంగతి మా ఊరికి కొత్త కాదు. పోరుమామిళ్లలో భైరవుడి గుడి ముందు రెండు పెద్ద బండల మీద శాసనం ఉంది. శకం 1291, అంటే క్రీస్తు శకం 1369 నాటిది. విజయనగర రాజు బుక్కరాయల కొడుకు, ఉదయగిరి రాజ్యాన్ని ఏలిన భాస్కర భవదూరుడు ఈ చెరువు కట్టించి అనంతరాజసాగరం అని పేరు పెట్టాడు. రోజుకు వెయ్యి మంది కూలీలు పనిచేశారని, రాళ్లు తోలడానికి వంద బండ్లు పెట్టారని, రెండేళ్లు పట్టిందని అందులో చెక్కారు. కొండకూ కొండకూ మధ్య కట్టలు వేసి, రాయి పరిచారు. అందుకే ఇన్ని వందల ఏళ్లు నిలిచింది. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల, డ్రైనేజీ కమిషన్ దీన్ని ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడంగా గుర్తించింది. ఆ ఏడాదే కంభం చెరువుకూ, కర్నూలు-కడప (కేసీ) కెనాల్‌కూ ఆ గుర్తింపు వచ్చింది. మాకెంత సంతోషమో చెప్పలేను.

ఆ శాసనంలో మంచి చెరువుకు పన్నెండు అంగాలు కావాలని రాశారు. మొదటిది ధర్మం తెలిసి, కీర్తి కోరే రాజు. రెండోది పాథశ్శాస్త్రం, అంటే నీటి శాస్త్రం తెలిసిన మనిషి. గట్టి నేల, ఆనుకుని కొండలు, చుట్టూ పండే పొలాలు, పని తెలిసిన కూలీలు ఇలా చెప్పుకుంటూ వచ్చారు. వాటిలో ఒకటి, మూడు యోజనాల దూరం నుంచి తియ్యటి నీళ్లు తెచ్చే నది. నది కూడా చెరువులో ఒక అంగమే అన్నారు, గమనించండి. మనం మాత్రం చెరువు అనగానే కట్ట, తూము, మరవ (అలుగు) వరకే చూస్తున్నాం. మరమ్మతు అంచనాలన్నీ కట్ట దగ్గరే మొదలై కట్ట దగ్గరే ముగుస్తున్నాయి.

అంగాల తర్వాత ఆరు దోషాలు కూడా చెక్కారు. కట్ట నుంచి నీరు ఊరడం, చవిటి నేల, చెరువు మధ్యలో మెట్ట, నీళ్లు తక్కువై భూమి ఎక్కువ కావడం, నేల చాలక నీళ్లు ఎక్కువ కావడం ఐదు. మిగిలిన ఒక్కటి చదివి చాలాసేపు అక్కడే నిలబడిపోయాను. చెరువు రెండు రాజ్యాల పొలిమేరలో ఉండకూడదట.

మా మల్దేవికి పట్టింది ఆ దోషమే సార్. కొండ అటవీ శాఖది. కొండ దిగగానే ఏటి నేల వాగు పోరంబోకు, అది రెవెన్యూది. ఆ నేల మీద ఇసుక గనుల శాఖది. చెరువులోకి చేరాక నీళ్లు మీ శాఖవి. ఒక్క ఏటికి నాలుగు రాజ్యాలు, మూడు పొలిమేరలు. అడవిలో మట్టి కోసుకుపోతే చెరువు పూడుతుంది, ఆ పూడిక ఖర్చు మీది. ఏట్లో ఇసుక పోతే బోర్లు ఎండుతాయి, అప్పుడు అప్పు చేసి కొత్త బోరు వేసేది రైతు.

ఇసుక సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. నా చిన్నప్పుడు వేసవిలో మా జేజి నన్ను వెంటబెట్టుకుని ఏట్లోకి పోయేది. రెండు చేతులతో ఇసుక తోడి చెలమ తీసేది. మోచేయి లోతుకు తడి, ఇంకొంచెం తోడితే నీళ్లు. మొదట మురికిగా ఊరతాయి. వాటిని కొబ్బరి చిప్పతో రెండు మూడుసార్లు తోడి పారబోసి, కాసేపు కదలకుండా కూర్చోమనేది. అడుగున ఇసుక రేణువులు ఒక్కొక్కటే కదులుతుంటే వాటి మధ్య నుంచి తేట నీళ్లు పైకి వచ్చేవి. పైన కాళ్లు కాలే ఎండ, చెలమలో చల్లటి నీళ్లు. బిందె నిండేదాకా తోడుకుని, పోతూపోతూ చెలమ పూడ్చకుండా వదిలేసేది, మేకలు తాగుతాయని. ఊళ్లో బట్టలు ఉతికేది ఆ ఏటి ఒడ్డునే, కర్మ స్నానాలు చేసేదీ అక్కడే. మడికి ఎరువుగా తొక్కే కానుగాకు కోసుకొచ్చేదీ ఆ గట్టు మీద చెట్ల నుంచే.

ఇసుక అంటే ఏరు దాచిపెట్టుకున్న నీళ్లు. వరద వచ్చిన రోజు తాగి, ఎండాకాలమంతా పక్క బావులకు కొంచెం కొంచెంగా ఇస్తుంది.

పోయిన వేసవిలో మా మడికి ఎగువన ఏటి మలుపులో ఒక గుంత చూశాను. జేసీబీ పళ్ల గీతలు ఇంకా తాజాగా ఉన్నాయి. లోపలికి దిగితే గట్టు నా తలకు పైన ఉంది. గుంత గోడలో పొరలు తెలుస్తున్నాయి. పైన ఇసుక, దాని కింద గులకరాళ్లు, అడుగున నల్లటి బంకమట్టి. గట్టు మీది కానుగ చెట్టు వేళ్లు సగం గాల్లో వేలాడుతున్నాయి. వానలు పడి మొదటి నీళ్లు దిగినప్పుడు వెళ్లి చూశాను. నీళ్లు గుంతలో పడి సుళ్లు తిరుగుతూ ఎగువ అంచును కోసేశాయి. గుంత పైకి జరిగింది, కానుగ చెట్టు లేదు. కోసిన మట్టి ఎక్కడికి పోయి ఉంటుందో మీ ఇంజినీర్లకు చెప్పక్కర్లేదు.

అర్జీ పట్టుకుని ఒక ఆఫీసుకు పోతే, ఇది మా పరిధి కాదన్నారు. ఇంకో ఆఫీసులో సర్వే నంబరు అడిగారు. ఏటికి సర్వే నంబరు నేనెక్కడి నుంచి తేవాలి? మూడో చోట అర్జీ తీసుకుని రసీదు ఇచ్చారు. ఆ రసీదు ఇంట్లో ఉంది. అక్కడి ఉద్యోగుల మీద నాకు కోపం లేదు, వాళ్లు చెప్పింది నిజమే. ఏ ఒక్కరి పరిధీ కాకపోవడమే దాని జబ్బు.

చెరువులో పూడిక తీయమని అడిగేవాళ్లున్నారు. తెలుగుగంగ నీళ్లు ఇవ్వమని అడిగేవాళ్లున్నారు. నేను రెండూ వద్దనను, రెండూ చేయండి. కానీ ఎగువన కొండ కోసుకుపోతుంటే తీసిన పూడిక మళ్లీ వచ్చి చేరుతుంది. కాలువ నీళ్ల కోసం అందరితో పాటు మేమూ వంతుకు ఎదురుచూడాలి. మల్దేవి ఎవరినీ అడగకుండా వచ్చే మా సొంత నీళ్లు, వాటిని ముందు కాపాడండి.

నేను అడిగేది పెద్ద ప్రాజెక్టు కాదు. నాలుగు శాఖల అధికారులూ, ఆయకట్టు రైతులూ కలిసి కొండ మొదలు నుంచి చెరువు దాకా ఏటి వెంట నడవాలి. రెండు గట్లూ కొలిచి, హద్దు రాళ్లు పాతి, అందరూ సంతకం చేసిన ఒకే మ్యాపు తయారు చేయాలి. ఆక్రమణలు, గుంతలు అందులో ఎక్కాలి. నీరు, భూమి, చెట్లను కాపాడే వాల్టా చట్టం 2002 నుంచీ ఉంది కదా, మ్యాపు తేలేదాకా ఆ ఏట్లోకి యంత్రం దిగకుండా దాన్ని గట్టిగా అమలు చేయించండి. కొండవాలులో మట్టి ఆపడానికి చిన్న చిన్న రాతి అడ్డుకట్టలు చాలు. కానీ వాటిని అడవిలోనే కట్టాలి, కాబట్టి మీరూ అటవీ శాఖ మంత్రి గారూ కూర్చుని మాట్లాడుకుంటే తప్ప కుదరదు. చివరగా, ఏటి మీద ఒక చోట నీటి మట్టం చూపే స్కేలు వేయించండి. పారిన రోజుల లెక్క రాయడానికి మేమే వంతులు వేసుకుంటాం. వెనకటికి చెరువు నీళ్లు మళ్లకు పంచే నీరుగంటి ఆ లెక్క నోటితో చెప్పేవాడు. ఇప్పుడు అడిగితే చెప్పేవాళ్లే లేరు.

సర్వే ఎండాకాలంలోనే అయిపోవాలి. మీరు మాత్రం ఆశ్వయుజంలోనో కార్తీకంలోనో రండి. ఎండిన ఏరు చూసినవాళ్లకు అది బంజరు నేలలాగానే ఉంటుంది. మీ పేషీలో ఎవరిదైనా నంబరు ఇప్పించండి, కొండ నుంచి నీళ్లు దిగిన రోజు పొద్దున్నే ఫోన్ చేస్తాను. ముందు గుడి దగ్గర శాసనం చూసి, అక్కడి నుంచి ఏటి దగ్గరికి పోదాం. మర్నాటికి తగ్గిపోతుంది కాబట్టి ఆ రోజే బయల్దేరి రావాలి.

ఇట్లు,
పోరుమామిళ్ల చెరువు కింది ఆయకట్టు రైతు